పనికి వెళ్తారా, బేరానికి వెళ్తారా: శ్రీకాకుళం తీరంలో ఒక ప్రభుత్వ సర్వే అనుభవం

మత్స్యకార కుటుంబాల జీవనోపాధిపై ఒక ప్రభుత్వ శాఖ చేయించిన సర్వేలో నేను రూపకల్పన సలహాదారుగా చేరేసరికి టెండరు ముగిసి, ఏజెన్సీ ఎంపిక పూర్తయి, ప్రశ్నావళి ముసాయిదా కూడా సిద్ధంగా ఉంది. నాకు అప్పగించిన పని చిన్నదే. అధ్యయనంలో స్త్రీపురుష సమానత్వ దృష్టి ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చి, రెండు పేజీల నోటు ఇవ్వాలి. శాఖ లెక్కలో ఆ దృష్టి అప్పటికే ఉంది, ఎందుకంటే సమాధానం చెప్పేవారిలో కనీసం సగం మంది మహిళలు ఉండాలన్న షరతు టెండరు పత్రంలో స్పష్టంగా రాసి ఉంది, ఏజెన్సీ దానికి సంతకం పెట్టింది. ఆ షరతు పూర్తిగా నెరవేరుతూనే ఆడవారి పనిని అధ్యయనం నుంచి ఎలా తప్పించగలిగిందో, దాన్ని సరిచేయడానికి మేము ఏం చేశామో, ఎక్కడ పొరపడ్డామో నమోదు చేయడానికి ఇది రాస్తున్నాను. శాఖ పేరు, ఏజెన్సీ పేరు, ఊళ్ళ పేర్లు ఇవ్వడం లేదు. నివేదికలోని అంకెలు శాఖవి కాబట్టి వాటినీ ఇక్కడ వాడను.

ఎచ్చెర్ల, రణస్థలం మండలాల తీరం గురించి తెలిసినవారికి ఆ షరతులోని డొల్లతనం వెంటనే అర్థమవుతుంది. ఈ ఊళ్ళ మగవారిలో చాలామంది ఆగస్టు ప్రాంతంలో గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి, అక్కడి బోట్ల మీద కూలికి వేట చేసి, వేసవిలో తిరిగి వస్తారు. 2018 నవంబరులో అలా అరేబియా సముద్రంలో వేట చేస్తూ పాకిస్తాన్ అధికారులకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర విడుదలయ్యాక గాని, ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో బయటి జిల్లాలవారికి పెద్దగా తెలియలేదు. మా సర్వేకు నిర్ణయించిన నెలలు నవంబరు నుంచి జనవరి వరకు. ఆ రోజుల్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఎదురయ్యేది ఆడవారే. సగం మంది మహిళలన్న షరతు కోసం ఏజెన్సీ ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు, షరతు లేకపోయినా ఆ సగం దాటిపోయేది. సమాధానం చెప్పేది ఆవిడే, కాని ప్రశ్నలన్నీ ఆయన గురించే.

ముసాయిదా ప్రశ్నావళి మొదటి పేజీలో “కుటుంబ యజమాని” అన్న గడి ఉంది. ఆ తరువాతి వృత్తి, ఆదాయం, అప్పు, ఆస్తి విభాగాలన్నీ ఆ గడిలో పేరు పడిన మనిషి చుట్టూ తిరుగుతాయి. “యజమాని జీవిత భాగస్వామి” గురించి ఉన్నది ఒకే ఒక్క వరుస, అందులోనూ మొదటి ఎంపిక “గృహిణి”. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరు నెలలకు మించి ఇంట్లో లేనివారిని కుటుంబ సభ్యులుగా లెక్కించరాదని మా సూచనల పుస్తకంలోనే రాశారు. వేరావల్‌కు వెళ్ళిన మనిషి ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఊళ్ళో ఉండడు. అంటే మా సూచనల పుస్తకం ప్రకారం కుటుంబ సభ్యుడు కూడా కానటువంటి మనిషి, మా ప్రశ్నావళి ప్రకారం కుటుంబానికి యజమాని. ఈ రెండు పేజీలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చదివినట్టు లేదు.

శాఖ సమీక్షలో నేను ఈ విషయం లేవనెత్తినప్పుడు శాఖ అధికారి వేసిన మొదటి ప్రశ్న, మార్పు ఏ నియమం ప్రకారం అడుగుతున్నారని. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే టెండరు తరువాత చేసే ప్రతి మార్పుకూ ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవలసింది ఆ అధికారే. చిన్న తరహా మత్స్య వేటపై ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శకాలలో స్త్రీపురుష సమానత్వానికి ఒక విభాగమే ఉందని చెప్పాను. అందరూ తల ఊపారు, ఎవరూ రాసుకోలేదు. తరువాత బియ్యం కార్డు సంగతి ఎత్తాను. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం, కార్డు జారీ చేసేటప్పుడు ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవారిలో పెద్దావిడే కుటుంబ యజమాని. ఒకే ప్రభుత్వం, ఒకే ఇల్లు, కార్డుకి ఆవిడ యజమాని, సర్వేకి ఆయన యజమాని. ఈ మాటకు ఆ గదిలో విలువ దొరికింది. “యజమాని” గడి తీసేసి, 15 ఏళ్ళు దాటిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ వృత్తి విభాగాన్ని విడివిడిగా నింపాలన్న మార్పును సమావేశ మినిట్స్‌లో రాయించగలిగాము. అంతర్జాతీయ పత్రాలను ఉటంకించడం మీద నాకు అప్పటివరకు ఉన్న నమ్మకం ఆ రోజు కొంత తగ్గింది.

గడి మారినంత మాత్రాన జవాబు మారుతుందనుకోవడం మా మొదటి పొరపాటు. పైలట్‌కు, అంటే ముందుగా చేసే ప్రయోగ సర్వేకు, ఎంచుకున్న ఊళ్ళో ఒక మధ్యాహ్నం నేను ఇంటింటికీ తిరిగి వివరాలు నమోదు చేసే మా ఎన్యూమరేటర్ పక్కన కూర్చున్నాను. అరుగు మీద పాత వల పరిచి, దాని మీద నెత్తళ్ళు ఆరబోసి, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడను ఆ అమ్మాయి ప్రశ్నావళిలో ఉన్నట్టే “అమ్మా, మీరు పనికి వెళ్తారా?” అని అడిగింది. “పనికెక్కడికెల్తాను తల్లీ, బేరంతోనే పొద్దు సరిపోతాది” అన్నది జవాబు. ఎన్యూమరేటర్ ట్యాబ్‌లో “లేదు” నొక్కింది. ప్రశ్నకు వచ్చిన జవాబు అదే కదా, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. “లేదు” నొక్కగానే తరువాతి ఇరవై ఒక్క ప్రశ్నలు వాటంతటవే దాటిపోయి, తెర మీద తాగునీటి విభాగం వచ్చింది.

మన పల్లెల్లో “పని” అంటే ఒకరి కింద చేసే కూలి, లేదా ఉపాధి హామీ పని. తెల్లవారకముందే రేవుకు వెళ్ళి, వేలం పాటలో చేపలు కొని, గంప నింపుకుని ఆటోలో నాలుగు ఊళ్ళు తిరిగి అమ్మడం బేరం. అమ్ముడుపోని కవళ్ళకు ఉప్పు పట్టించి ఎండబెట్టడం పనీ కాదు, బేరమూ కాదు, ఇంట్లో ఉండడం. వల బాగుచేయడానికి అసలు పేరే లేదు, అది కబుర్లు చెప్పుకుంటూ చేసేది. ఈ నాలుగింటినీ “పని” అన్న ఒక్క మాటతో అడిగితే నాలుగింటికీ “లేదు” అనే వస్తుంది, అది అబద్ధం కూడా కాదు. ప్రశ్నావళిని హైదరాబాదులో ఇంగ్లీషులో రాసి, తెలుగు చేయించి, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకున్నారు. ఆ తనిఖీలో “పని” నిక్షేపంగా నెగ్గింది. జాతీయ కార్మిక సర్వేల పద్ధతి ప్రకారం చూసినా ఆవిడ సొంతంగా వ్యాపారం చేసుకునే మనిషి, కోడ్ 11. మా ట్యాబ్‌లో మాత్రం ఇంటి పనులకే పరిమితమైన మనిషిగా, కోడ్ 92గా నమోదైంది. ఇంటి సంస్థలో జీతం లేకుండా చేయి కలిపేవారికి కోడ్ 21 ఉంది, ఇంటి పనితో పాటు ఇంటి వాడకానికి పుల్లలు ఏరుకురావడం వంటివి చేసేవారికి కోడ్ 93 ఉంది. గడులకు కొరత లేదు, మనిషిని సరైన గడి దాకా తీసుకువెళ్ళే మాటకే కొరత.

అందువల్ల వృత్తి విభాగాన్ని పూర్తిగా విడగొట్టాము. “రేవులో చేపలు కొంటారా, ఎవరి డబ్బుతో?”, “గంప ఎత్తుతారా, ఏ ఊళ్ళకు?”, “ఎండబెడతారా, ఎండినవి ఇంటికా, సంతకా?”, “వల ఎవరిది, బాగుచేసినందుకు ఏమిస్తారు?” అని పనుల వారీగా అడిగి, కోడ్ వేసే బాధ్యతను ఎన్యూమరేటర్ నుంచి తప్పించి, కార్యాలయంలో తరువాత వేసుకునేలా మార్చాము. పాత గణాంకాలతో పోల్చడానికి వీలుండాలని శాఖ గణాంక విభాగం పట్టుపట్టింది కాబట్టి, పాత ప్రశ్నను కూడా చివర్లో అలాగే ఉంచాము. నేను మొదట అయిష్టంగా ఒప్పుకున్న ఆ ఏర్పాటే తరువాత మాకు బాగా కలిసివచ్చింది. ఒకే మనిషి ఒకే రోజున రెండు ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల మధ్య ఉన్న తేడాను పక్కపక్కన చూపించగలగడం కంటే బలమైన వాదన మా దగ్గర వేరే లేదు.

ఆదాయం సంగతి ఇంకా జటిలం. వేరావల్ నుంచి వచ్చే డబ్బు పెద్ద మొత్తాలుగా, ఎప్పుడో ఒకసారి వస్తుంది, కాబట్టి అది గుర్తుంటుంది. బేరం డబ్బు రోజూ వస్తుంది, రోజూ పోతుంది, రేపటి పాటకు పెట్టుబడి తీసి పక్కన పెట్టగా మిగిలినదానితో ఆ పూట బియ్యం, నూనె వస్తాయి, అందువల్ల “నెలకు ఎంత?” అంటే జవాబు ఉండదు. పైలట్ రెండో రోజున ఒకావిడ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయి, తొమ్మిదో తరగతి చదివే కూతురిని పిలిచి పుస్తకం తెమ్మంది. వచ్చింది ఒక బడి నోటుపుస్తకం. ముందు వైపు సాంఘిక శాస్త్రం, వెనక నుంచి తల్లి అరువు లెక్క. ఒక్కో వరుసకు ఒక్కో ఇల్లు, మనుషుల పేర్లు కాకుండా “కోవెల పక్క”, “రేకుల షెడ్డు”, “టీచరమ్మ” అని గుర్తులు, పక్కన బాకీ, తీరినదాని మీద అడ్డగీత. అట్ట లోపలి వైపున ఒక మూల తల్లికి అప్పు ఇచ్చిన మనిషి లెక్క విడిగా ఉంది, వారం వారం ఎంత కట్టిందో చుక్కలతో. మేము జ్ఞాపకం మీద ఆధారపడి నింపాలనుకున్న రెండు పేజీల సమాచారం ఆ పుస్తకంలో అప్పటికే ఉంది. ఆ రోజు నుంచి ఎన్యూమరేటర్లకు ఒక సూచన చేర్చాము. ఆదాయం అడిగే ముందు “లెక్క రాసుకుంటారా, ఎవరు రాస్తారు?” అని అడగాలి, పుస్తకం ఉంటే అనుమతితో గత ఏడు రోజుల లెక్క అందులో నుంచే తీసుకోవాలి, ఫొటో మాత్రం తీయరాదు. బాకీదారుల ఆనవాళ్ళు ప్రభుత్వ సర్వర్‌లోకి చేరడం ఆవిడ బేరానికి మంచిది కాదు.

ఆస్తి విభాగంలో మరో రకమైన వల ఉంది. “పడవ, బండి, ఐస్ పెట్టె ఎవరి పేరు మీద ఉన్నాయి?” అన్న ప్రశ్నకు ఆడవారి పేర్లు కనబడితే మహిళా సాధికారత పెరిగిందని రాసుకోవడానికి నివేదికలో ఒక పేరా ముందే సిద్ధంగా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గానికి రాయితీ 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. అలాంటప్పుడు ఐస్ పెట్టె ఉన్న బండిని ఆవిడ పేరు మీద తీసుకోవడం ఏ కుటుంబమైనా చేసే తెలివైన పని, దాన్ని తప్పుపట్టనవసరం లేదు. అయితే పేరు మీద ఉండడం వేరు, తాళం చేతిలో ఉండడం వేరు. “అమ్మాలంటే ఎవరిని అడగాలి?”, “నిన్న బండి ఎవరు తీశారు?” అన్న రెండు ప్రశ్నలు చేర్చి, పేరా తరువాత రాసుకుందామని చెప్పాను.

ఇంతవరకు చెప్పినవి కాగితం మీద సరిచేయగలిగినవి. అసలు ఘర్షణ డబ్బు దగ్గర వచ్చింది. ఏజెన్సీకి ఒప్పందం ప్రకారం ఇంటర్వ్యూకి ఇంత అని ఒకే ధర. ఇల్లు ఎక్కడున్నా, మనిషి ఎప్పుడు దొరికినా, ఎన్నిసార్లు తిరిగినా అదే ధర. బేరానికి వెళ్ళే ఆవిడ తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తుంది, వచ్చాక నీళ్ళు, వంట, ఎండిన చేపలు ఎత్తడం, అన్నీ అయ్యి కాసేపు కూర్చునేది రాత్రి ఏడు తరువాత. పగలు పదకొండు గంటలకు ఇంట్లో దొరికేది బేరానికి వెళ్ళనివారు, ముసలివారు, బాలింతలు. ఒకే ధర పద్ధతిలో ఏ ఏజెన్సీ అయినా పదకొండు గంటలకు దొరికినవారితోనే సంఖ్య పూర్తి చేస్తుంది. వారూ మహిళలే కాబట్టి సగం షరతుకూ లోటు లేదు. చేపల బేరం గురించిన సర్వేలో బేరం చేసేవారే ఉండరు, అంతే.

రాత్రి ఏడుకు ఇంటర్వ్యూ అంటే, ఆ తీరపు దారిలో మహిళా ఎన్యూమరేటర్ తిరిగి వెళ్ళడానికి బస్సు ఉండదు. మగ ఎన్యూమరేటర్‌ను పంపితే, భర్త ఊళ్ళో లేని ఇంట్లో ఆ వేళకు కూర్చోవడం ఆవిడకూ ఇబ్బందే, అతనికీ ఇబ్బందే. అంటే మహిళా ఎన్యూమరేటర్లు ఊళ్ళోనే బస చేయాలి, బసకు మరుగుదొడ్డి ఉన్న గది కావాలి, ఇద్దరేసి వెళ్ళాలి, తిరిగి రావడానికి మాట్లాడుకున్న ఆటో ఉండాలి. వీటిలో దేనికీ టెండరు ధరల పట్టికలో వరుస లేదు. ఆటోవాళ్ళు రశీదు ఇవ్వరు, రశీదు లేని ఖర్చును ఏజెన్సీ ఒప్పుకోదు, అందువల్ల మొదటి వారం ఆ ఖర్చును అమ్మాయిలే తమ దినభత్యంలో నుంచి పెట్టుకున్నారు. సమానత్వ దృష్టి ఉన్న అధ్యయనానికి అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని, అందులో అందరికంటే తక్కువ సంపాదించే ఆడపిల్లలు భరించారన్న మాట. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే సాయంత్రం ఇంటర్వ్యూలు ఉండాలని పట్టుపట్టింది నేనే.

శాఖతో మూడు సమావేశాల తరువాత కుదిరిన సర్దుబాటు ఇది. మొత్తం విలువ పెంచడానికి వీలు లేదు కాబట్టి శాంపిల్‌లో ఇళ్ళ సంఖ్య కొంత తగ్గించి, ఆ మిగులును బస, ప్రయాణం పద్దు కిందికి మార్చాలి. ఆటోకు ఊరి సచివాలయ సిబ్బంది సంతకంతో ఉన్న చీటీని రశీదుగా అంగీకరించాలి. చెల్లింపును పూర్తయిన ఇంటర్వ్యూల సంఖ్యకు బదులు, ప్రతి ఊళ్ళో బేరం చేసేవారి జాబితా ముందుగా తయారుచేసి అందులో ఎంతమందిని కలిశారన్నదానికి ముడిపెట్టాలి. ఆ జాబితాను డ్వాక్రా సంఘాల సభ్యులు, రేవులో వేలం పాట పాడేవారు కలిసి ఒక్క పూటలో చేసి ఇచ్చారు. శాంపిల్ తగ్గడం గణాంక విభాగానికి నచ్చలేదు. వారి అభ్యంతరంలో నిజముంది, కొన్ని చిన్న ఊళ్ళకు విడిగా అంచనాలు ఇవ్వలేకపోయాము. తప్పు మనుషులను ఎక్కువమందిని అడగడం కంటే సరైనవారిని కొంత తక్కువమందిని అడగడమే మేలని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఏజెన్సీకి హైదరాబాదు కార్యాలయంలో కమిటీ ఉంది, కాని తాత్కాలికంగా తీసుకున్న ఎన్యూమరేటర్లకు అందులో ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. ఆ నంబరును ప్రతి ట్యాబ్ వెనుక అతికించడానికి పైసా ఖర్చు కాలేదు.

మా పెద్ద పొరపాటు కాలవినియోగం దగ్గర జరిగింది. 2019 జాతీయ కాలవినియోగ సర్వే పద్ధతినే తీసుకుని, ముందు రోజు తెల్లవారుజాము 4 గంటల నుంచి ఆ రోజు 4 గంటల దాకా, అరగంటకు ఒక గడి చొప్పున రోజంతా అడిగాము. ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవారు వాటి మీద సగటున రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని దేశానికి చెప్పింది ఆ సర్వేయే. ఒకే అరగంటలో జరిగే ఒకటికి మించిన పనులను నమోదు చేసే వీలు ఆ పద్ధతిలో ఉంది. మా ట్యాబ్‌లో ప్రోగ్రాం రాసినవారు గడికి ఒకే ఎంపిక ఇచ్చారు, మేము సరిచూడలేదు. మొదటి ఊరు పూర్తయ్యాక సమాచారం తెరిచి చూస్తే, మధ్యాహ్నాలన్నీ “పిల్లల సంరక్షణ” అని ఉన్నాయి, చేపలు ఎండబెట్టడం దాదాపు ఎక్కడా లేదు. ఆ మధ్యాహ్నాల్లో ఆవిడ ఒక చేత్తో మనవడిని పట్టుకుని, ఇంకో చేత్తో నెత్తళ్ళు తిరగేస్తూ ఉంటుంది. రెండింటిలో ఒకటే చెప్పమంటే పిల్లవాడి పేరే చెబుతుంది. ప్రోగ్రాం సరిచేయించి, ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాము. రెండోసారి వెళ్ళినందుకు ఎవరు డబ్బు ఇవ్వాలన్న వాదన నెల రోజులు సాగి, చివరకు నా రుసుములో కొంత, ఏజెన్సీ లాభంలో కొంత పోయింది. ఊరివారు మాత్రం “మొన్న చెప్పిందే కదా” అని విసుక్కుంటూనే ఓపికగా మళ్ళీ చెప్పారు.

నివేదిక ముసాయిదాలో ఏజెన్సీ “మహిళలు” అని విడిగా ఒక అధ్యాయం పెట్టింది. దాన్ని తీసేయించి, అందులోని పట్టికలను ఆదాయం, అప్పు, వేట నిషేధ కాలం అధ్యాయాల్లోకి పంచమని కోరాను. విడి అధ్యాయాన్ని నిర్ణయం తీసుకునేవారు తెరవకుండానే గౌరవిస్తారని నా అనుభవం. వేట నిషేధ కాలం అధ్యాయంలో దీని ప్రభావం స్పష్టంగా కనబడింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆగుతుంది, ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి వేటకు వెళ్ళేవారి లెక్కన వస్తుంది. పడవలు ఆగితే పాట ఆగుతుంది, పాట ఆగితే గంప ఆగుతుంది. ఆ రెండు నెలల్లో బేరం చేసేవారు ఎవరి దగ్గర, ఏ వడ్డీకి అప్పు తెస్తున్నారన్న పట్టిక, భృతి పట్టిక పక్కనే అచ్చయింది. కాలవినియోగం పట్టికలు మాత్రం అనుబంధానికి వెళ్ళాయి, అక్కడే ఉన్నాయి.

అదే శాఖ పక్క జిల్లా తీరానికి, అంటే పూసపాటిరేగ, భోగాపురం మండలాలకు చేయించబోయే తరువాతి సర్వే టెండరు ముసాయిదా ఇటీవల నా అభిప్రాయం కోసం వచ్చింది. “కుటుంబ యజమాని” అన్న మాట ఎక్కడా లేదు. పనుల వారీ ప్రశ్నలు ఉన్నాయి, గడికి ఒకటికి మించిన ఎంపికలు ఉండాలని కూడా ఎవరో గుర్తుపెట్టుకుని రాశారు. బస, ప్రయాణం పద్దు విడిగా ఉంది. సగం మంది మహిళలన్న షరతు పాత చోటనే, పాత మాటల్లోనే ఉంది, దాని వల్ల నష్టం లేదు. చెల్లింపు షరతుల్లో మాత్రం పూర్తయిన ఇంటర్వ్యూకి ఇంత అన్న ఒకే ధర తిరిగి వచ్చి కూర్చుంది. ఆ ఒక్క వరుస ఉంటే మిగిలిన మార్పులు పదకొండు గంటలకు ఇంట్లో దొరికేవారి దగ్గరే ఆగిపోతాయని, ఏజెన్సీలు ధరలు వేయకముందు జరిగే ప్రీబిడ్ సమావేశానికి ముందే మార్చాలని, పాత మినిట్స్ ప్రతి జతచేసి రాశాను. జవాబు ఇంకా రాలేదు.